పేర్లు చెరిగిన వాల్వులు

పోయిన వారం, రెండు నెలల తర్వాత ఇంటి తాళం తీసి, కిటికీలన్నీ బార్లా తెరిచి, అన్నిటికంటే ముందు చేసిన పని యాంప్లిఫయర్ స్విచ్ వేయడం. పొయ్యి కూడా వెలిగించలేదు. ముందు దుమ్ము మాడిన వాసన వచ్చింది. ఆ వెనకే వేడెక్కిన ట్రాన్స్‌ఫార్మర్ నుంచి లక్క కరిగినట్టు ఇంకో వాసన. అర నిమిషం గడిచాక గాజు గొట్టాల లోపల నారింజ రంగు సన్నగా రాజుకుంది. ఇన్నేళ్ళయినా ఆ అర నిమిషం నాకు కాలు నిలవదు. చీర కొంగు నడుముకు చుట్టుకుని, ఇంటికి చుట్టాలొస్తున్నట్టు గదిలో అటూ ఇటూ తిరుగుతాను. ఈ దీవుల్లోని ఆస్టినాబాద్‌లో మా వీధివాళ్ళు కిటికీలోంచి చూసి నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

వాల్వు రేడియో చూడనివాళ్ళ కోసం ఒక్క మాట. ఇప్పటి యాంప్లిఫయర్లలో పనంతా గోరంత చిప్పులు చేస్తాయి. పాతవాటిలో ఆ పని గాజు గొట్టాలు చేసేవి. వాటినే వాల్వులంటారు. లోపల తీగ ఎర్రగా కాగితే తప్ప పాట రాదు. బల్బులాగే వేడెక్కుతాయి, బల్బులాగే ఒక రోజు పోతాయి. అంత బాధ ఎందుకు పడాలి అని అడిగేవాళ్ళకు నేను జవాబు చెప్పను. కుర్చీ చూపిస్తాను. కూర్చుని వింటే వాళ్ళకే తెలుస్తుంది, తెలియకపోతే కాఫీ తాగి వెళతారు.

ఈ పిచ్చి నాకు అంటించినవాడు కూర్మారావు బాబాయి. సొంత బాబాయి కాదు, గోడ అవతలి ఇంటి మనిషి. శ్రీకాకుళం వైపు నుంచి చిన్న వయసులో ఇక్కడికి వచ్చి, ద్వీపాల మధ్య తిరిగే ఓడల్లో ముప్పై ఏళ్ళు వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. వీధిలో అందరికీ ఆయన రేడియో సాబ్. పొట్టి మనిషి, ఖాకీ నిక్కరు, చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట స్క్రూడ్రైవరు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఓడలో ఉన్నన్నాళ్ళూ తీరిక నేదు, దిగినాక చెవి ఖాళీ నేదు" అనేవాడు.

నాకు డెలానీపూర్‌లో ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చిన ఏడాది, నీలం దీపాలు వెలిగే పెద్ద స్టీరియో ఒకటి కొన్నాను. సునామీకి సుమారు ఏడాది ముందు మాట. ఆదివారం పొద్దున్నే దాన్ని పూర్తిగా పెంచి పెట్టి బట్టలు ఉతుకుతుంటే గోడ మీద నుంచి ఒక తల లేచింది.

"ఏటమ్మా వనజా, ఆ డబ్బా మీద ఎన్ని వాట్లని రాసినారు?"

"వెయ్యి బాబాయ్!" అన్నాను గర్వంగా.

"అరె బాప్‌రే. షిప్పు హారన్‌కి కూడా అంత అక్కర్నేదు. నా దాంట్లో ఎన్నో తెల్సా? పక్కకి ఐదు. బస్, ఐదే. సబ్బు చెయ్యి కడుక్కుని ఓపాలి రా."

ఆయన గదిలో కుర్చీ ఒకటే ఉంది. అందులో నన్ను కూర్చోబెట్టి, తాను నేల మీద కూర్చుని, నాదస్వరం రికార్డు ఒకటి పెట్టాడు. నాకు నాదస్వరమంటే పెళ్ళిలో చెవులు మూసుకునే మోత. ఆ రోజు, మొదటి స్వరం రాకముందు, ఎవరో ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. నేను తలుపు వైపు చూశాను, ఎవరైనా వచ్చారేమో అని. ఎవరూ లేరు. ఆ ఊపిరి వాయించేవాడిది. ఆ మనిషి ఎప్పుడో, ఏ ఊళ్ళోనో పీల్చుకున్న ఊపిరి నా మోకాళ్ళకు మూరెడు దూరంలో ఉంది. రికార్డు అయిపోయాక "మళ్ళీ" అన్నాను. ఆయన ముఖం చూడాలి, పదేళ్ళ పిల్లవాడిలా వెలిగిపోయింది.

ఇంటికి వచ్చి నా వెయ్యి వాట్ల డబ్బా పెడితే రేకుల షెడ్డు మీద వాన పడుతున్నట్టు ఉంది. సాయంత్రానికి మళ్ళీ గోడ దగ్గర నిలబడ్డాను. ఇలాంటిది నాకూ కావాలి, ఎలా ఎంచుకోవాలో చెప్పమన్నాను. ఆయనకు అంతకన్నా ఏం కావాలి! ముందు స్పీకర్లు చూడమన్నాడు. ఆయనవి పాత సినిమా హాల్లోంచి తెచ్చిన కాగితం కోను స్పీకర్లు, పడౌక్ కర్రతో చేసిన పెట్టెల్లో బిగించినవి. కొంచెం కరెంటుకే గొంతెత్తి పాడతాయి, అలాంటివాటికి ఐదు వాట్లు చాలు. మొండి స్పీకర్లు తెచ్చుకుంటే యాభై వాట్లూ చాలవు. తర్వాత గది ఎంతో చూసుకోవాలి. ఆ తర్వాత యాంప్లిఫయర్‌ను రెండు చేతులా ఎత్తి చూడాలి. "నడుం పట్టీసిందంటే ట్రాన్స్‌ఫార్మర్ మంచిది, కొనుక్కో. పువ్వునాగ నేచొచ్చిందనుకో, అక్కడే పెట్టీసి వచ్చీ" అన్నాడు. చివరగా మన కరెంటు. డీజిల్ తాగి వచ్చే కరెంటు కదా, ఒక పూట నీరసంగా ఉంటుంది, ఒక పూట ఉరుకుతుంది. మంచి స్టెబిలైజర్ లేకుండా వాల్వులు పెడితే వాటి ఉసురు తగులుతుందని ఆయన గట్టి నమ్మకం.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. ప్రతి డిసెంబరులో వాల్వులన్నిటినీ యాంప్లిఫయర్ నుంచి ఊడదీసి, పాత దూది చుట్టి, ఫీనిక్స్ బే ఓడరేవు వెనక సందులో తాను అద్దెకు తీసుకున్న చిన్న రిపేరు గదికి పట్టుకుపోయేవాడు. అక్కడి మీటరు మీద ఒక్కోదానికీ పరీక్ష. విడివాల్వులు కూడా ఒక రేకు పెట్టె నిండా అక్కడే ఉండేవి, పాత ఓడల వైర్‌లెస్ సెట్లు పారేసినప్పుడల్లా ఏరి తెచ్చుకున్నవి. ఆ డిసెంబరులో కూడా అలాగే పట్టుకెళ్ళాడు. ఆదివారం పొద్దున భూమి కదిలింది. తర్వాత సముద్రం వచ్చింది.

మా ఇళ్ళు మెరక మీద ఉండి బతికిపోయాయి. ఆ సందులోకి మాత్రం ఛాతీ లోతు నీళ్ళొచ్చాయి. మూడో రోజు నేనూ ఆయనా ఆటోలో వెళ్ళి, బురదలోంచి వాల్వులన్నీ ఉన్న రేకు పెట్టెను లాగి తెచ్చాం. మీటరు కొట్టుకుపోయింది. ఆ సాయంత్రమే ఆయన్ని వైర్‌లెస్ పనికి పిలిచారు. నికోబార్ వైపు నుంచి వచ్చే సందేశాలు అందుకోవడానికి చెయ్యి తిరిగినవాళ్ళు చాలడం లేదు. "పెట్టె మీ ఇంట్లో ఉండనీ అమ్మా, నేనొచ్చి చూస్తాను" అని వెళ్ళిపోయాడు.

మా నాన్న పడవ ఇంజను డ్రైవరు. నేను పుట్టకముందు నుంచే మా ఇంట్లో ఒక నియమం ఉంది: ఉప్పునీళ్ళలో పడ్డదాన్ని ఎండనివ్వకూడదు, వెంటనే మంచినీళ్ళలో ముంచాలి. గడియారమైనా, టార్చిలైటైనా, తాళంచెవైనా. ఇక్కడ పుట్టిన ఎవరినడిగినా ఇదే చెబుతారు. నాన్న పోయి చాలా ఏళ్ళయినా ఆ మాట నాలో అలాగే ఉంది. అప్పుడు పైపులు పగిలిపోయి మూడు రోజులకొకసారి ట్యాంకరు వచ్చేది, ఇంటికి రెండు బకెట్లు. ఆ రెండు బకెట్లూ ఆ వాల్వులకే పోశాను. సబ్బు పొడి వేసి, కొబ్బరి పీచుతో, ఒక్కోదాన్నీ చంటిబిడ్డలా పట్టుకుని తోమాను. తళతళ మెరిసేదాకా తోమి, నూట పద్దెనిమిది వాల్వుల్నీ వరండాలో తువ్వాళ్ళ మీద ఆరబెట్టాను. అమ్మ తాగడానికి నీళ్ళేవే అని తిట్టింది. తిట్టనీ, బాబాయి వచ్చి చూసి ఎంత పొంగిపోతాడో అని నా సంబరం నాది.

పది రోజుల తర్వాత ఆయన వచ్చాడు. కళ్ళు గుంటలు పడ్డాయి. తువ్వాళ్ళ ముందు చతికిలబడి ఒక వాల్వు తీశాడు. తిప్పి చూశాడు. ఇంకోటి తీశాడు. ఇంకోటి. ఏదో తప్పు జరిగిందని నాకు అప్పటికి అర్థమైంది.

"వీటి మీద నంబర్లేవమ్మా?"

వాల్వు రకమేదో చెప్పే నంబరు గాజు మీద సన్నటి రంగుతో అచ్చు వేసి ఉంటుంది. వేలితో గట్టిగా రుద్దినా పోయే రంగు. నేను కొబ్బరి పీచుతో తోమాను. నూట పద్దెనిమిదింటిలో ఒక్కదానికీ పేరు మిగలలేదు.

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన తువ్వాళ్ళ చివరిదాకా ఒక్కోటీ ఎత్తి చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "ఓసి నీ దుంప తెగ! సునామీ తియ్యనేక వొదిలీసినవి నువ్వు కొబ్బరిపీచుతో తీసీసినావు గదే!" ఆ పది రోజుల్లో ఆ వీధిలో ఎవరైనా నవ్వడం అదే మొదలు. అమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

జనవరిలో అమ్మ వైజాగ్‌లో అన్నయ్య దగ్గరికి ఓడెక్కింది. నేను మార్చి ఆఖరి వారం ఓడకు టికెట్టు కొనుక్కున్నాను. ఉద్యోగానికి రాజీనామా రాసి బీరువాలో పెట్టాను. దాచడం దేనికి, నాకు భయం పట్టుకుంది. రోజూ ఎప్పుడో ఒకప్పుడు నేల కొంచెం కదులుతూనే ఉంది. కదలనప్పుడు కూడా కదిలినట్టే ఉండేది. తలుపు వేసి ఉంటే కూర్చోలేను. కుక్కర్ కూసినా, లారీ పోయినా, సముద్రమేమోనని చెవులు రిక్కించేదాన్ని. పుట్టి పెరిగిన ఊరు నాకు ఒక్క రోజు కూడా ఉండలేని చోటైపోయింది. ఆ మాట కూర్మారావు బాబాయికి చెప్పాను, ఇక వెళ్ళిపోతున్నానని, మళ్ళీ రానని.

"వెళ్ళమ్మా, ఎవుళొద్దన్నారు" అన్నాడాయన. "గానీ నా జోడీ నాకిచ్చి వెళ్ళు. నువ్వు కడిగినావు, నువ్వే వెతకాల."

జోడీ అంటే, చివరగా స్పీకర్లకు శక్తినిచ్చే రెండు వాల్వులు, కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. ఇరవై ఏళ్ళుగా ఆయన యాంప్లిఫయర్‌లో పక్కపక్కన పనిచేసిన జంట. నాదస్వరం ఊపిరి వినిపించింది వాటి పుణ్యమే. ఆ రెండూ ఇప్పుడు ఈ గుంపులో ఎక్కడో ఉన్నాయి. సరేనన్నాను.

రోజూ ఆఫీసు నుంచి రాగానే ఆయన గదిలో కూర్చునేవాళ్ళం. తలుపు తెరిచే ఉంచేవాడు, నా కోసం. ముందు నాతో బొమ్మలు వేయించాడు. ఒక్కో వాల్వునీ వెలుతురుకెదురుగా పట్టుకుని లోపల ఏముందో నోటుబుక్కులో గీయాలి. బూడిదరంగు రేకు పెట్టె ఒకటుందా, రెండున్నాయా, కింద ఎన్ని సూదులున్నాయి, తల మీద వెండి పూత ఎంతవరకు దిగింది. వెండి పూత తెల్లగా పాలిపోయి ఉంటే లోపలికి గాలి దూరినట్టు, అది చచ్చింది. మొదట్లో నాకు అన్నీ ఒకలాగే కనిపించి విసుగొచ్చేది. "ఇదేంటి బాబాయ్" అని అడిగితే, "ఏటో, కళ్ళు కనబడ్డం నేదు, నువ్వే చూసి చెప్పు" అనేవాడు. నెల తిరిగేసరికి గుంపులు గుంపులుగా విడిపోయాయి. స్పీకర్లకు శక్తినిచ్చే రకంలో పనిచేసేవి ఏడు మిగిలాయి. ఇక వాటిని రెండేసి చొప్పున పెట్టి వినాలి.

అదిగో, అక్కడ మొదలైంది అసలు సంబరం! ఒకే రికార్డు, ఒకే స్పీకర్లు, ఒకే కుర్చీ, కానీ వాల్వులు మార్చగానే గదిలోకి వేరే మనిషి వచ్చి కూర్చునేవాడు. ఒక జంట పెడితే నాదస్వరం ముక్కుతో పాడినట్టుండేది. ఇంకో జంటకు డోలు మీద దుప్పటి కప్పినట్టుండేది. ఒకదానికి కుడిపక్క సన్నటి రొద. బాబాయి మా దీవుల తెలుగువాళ్ళ పండగలో స్వయంగా రికార్డు చేసుకున్న జముకుల కథ క్యాసెట్టు ఒకటి ఉండేది. అందులో జముకు అనే వాద్యం తీగ లాగి వదిలినప్పుడు ఆ మోత ఎంతసేపటికి చచ్చిపోతుందో నన్ను వేళ్ళ మీద లెక్కపెట్టమనేవాడు. బాగుంది అనే మాట ఆ గదిలో నిషిద్ధం.

"బాగుందని చెప్పకు. ఏటి వినబడిందో చెప్పు."

"వంత పాడే ఆవిడ వెనక ఎవరో దగ్గారు."

"నిన్నటి జంటలో దగ్గు వినబడిందా?"

"లేదు బాబాయ్!"

"షాబాష్. ఇప్పుడు మార్చు."

గుర్తు కోసం వాటికి చిట్టీలు అంటిస్తానంటే ఒప్పుకోలేదు. పేరు పెడితే పేరే వింటావు, చెవి పడుకుంటుంది అన్నాడు. పైగా రోజూ ఆ ఏడింటినీ పళ్ళెంలో కలిపేసేవాడు. నాకు ఒళ్ళు మండేది, అయినా మర్నాడు ఆఫీసులో ఐదెప్పుడవుతుందా అని గడియారం చూసుకునేదాన్ని.

ఓడకు ఇంక వారమే ఉందనగా, ఒక సాయంత్రం, నేను కళ్ళు మూసుకుని జముకు మోతను లెక్కపెడుతున్నాను. ఐదు, ఆరు, ఏడు. బయట ఎవరో అరిచారు. నాకు చిరాకేసింది. "ఓలమ్మో, బయటికి రండే! రేడియో సాబ్, బాహర్ ఆయియే!" ఎదురింటావిడ గొంతు. కళ్ళు తెరవకుండానే "ఒక్క నిమిషం దీదీ, ఇప్పుడే మొదలైంది" అని గట్టిగా అన్నాను. ఎనిమిది లెక్కపెట్టి కళ్ళు తెరిచేసరికి పైన బల్బు ఊగుతోంది. వీధంతా రోడ్డు మీద ఉంది. భూమి కదిలి ఆగింది, నాకు తెలియలేదు. రాత్రీ పగలూ దాని కోసమే చెవి ఒగ్గి కూర్చున్న మనిషికి, నాకు, తెలియలేదు! బాబాయి గుమ్మం దగ్గర నిలబడి నన్నే చూస్తున్నాడు. యాంప్లిఫయర్ ఆర్పేసి, రేపు రమ్మన్నాడు.

మర్నాడు పెట్టిన మూడో జంటకే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఊపిరి! స్వరానికి ముందు ఆ ఊపిరి! అంతేకాదు, వేళ్ళు నాదస్వరం రంధ్రాల మీద నుంచి లేస్తున్న చిన్న చప్పుడు కూడా. "ఇదే బాబాయ్, ఇదే, ఇదే" అని అరిచాను. ఆయన్ని చెయ్యి పట్టి లేపి కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయన కళ్ళు తుడుచుకుంటూ, "అవునమ్మా, ఇవే" అన్నాడు. ఆ రోజు వీధిలో కనబడ్డ ప్రతివాళ్ళనీ లాక్కొచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టాను. ఎదురింటి దీదీ అయితే రెండుసార్లు విన్నది. ఎవరు లేచి వెళుతూ తలుపు వేశారో తెలియదు, సాయంత్రమంతా అది వేసే ఉంది.

రెండు రోజుల తర్వాత ఫీనిక్స్ బేలో టికెట్ల వరసలో నిలబడ్డాను. వరసంతా దీవులు వదిలి వెళ్ళేవాళ్ళే. నా వంతు వచ్చి టికెట్టు కిటికీలోంచి వెనక్కి తోస్తే గుమాస్తా తలెత్తి చూశాడు.

"క్యాన్సిల్? పక్కా?"

"పక్కా భయ్యా."

"క్యోం దీదీ, సబ్ తో జా రహే హైఁ." అందరూ వెళ్ళిపోతుంటే నేనెందుకు ఆగుతున్నానని అతని వింత.

"ఇంట్లో పాట సగంలో ఉంది" అన్నాను. అతనికి తెలుగు రాదు. వెనకున్న తెలుగాయన గట్టిగా నవ్వాడు.

ఆ తర్వాత ఏళ్ళలో బాబాయి దగ్గరే సోల్డరింగు పట్టడం నేర్చుకున్నాను, నాకంటూ ఒక యాంప్లిఫయర్ కట్టుకున్నాను. ఒకసారి పాత సామాను అమ్మే చోట ఒక అట్టపెట్టె నిండా వాల్వులు దొరికాయి. తడిసి నంబర్లు చెరిగినవే. ఇంటికి తెచ్చి బల్ల మీద పోసి ఏరడం మొదలుపెట్టాను. ఇది రేడియోది. ఇది శక్తినిచ్చేది. ఇది పనికిరాదు, తల తెల్లబడింది. ఇవి రెండూ కవలలు. పదిహేను నిమిషాల్లో పెట్టె ఖాళీ అయింది. చెయ్యి కడుక్కోవడానికి లేచి, అక్కడే ఆగిపోయాను. నాకే ఇంత సులువైతే, ముప్పై ఏళ్ళు వీటితో బతికిన మనిషికి?

గోడ దగ్గరికి పరిగెత్తాను. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. పడక్కుర్చీలో కూర్చుని బఠానీలు వలుస్తున్నాడు.

"బాబాయ్, నేను కడిగిన వాల్వులు మీరు మొదటి రోజే పోల్చుకున్నారు కదూ?"

"పోల్చుకోపోతే ముప్పై ఏళ్ళు ఓడలో ఏటి చేసినానంటావ్, చేపలు పట్టినానా?"

"మరి జోడీ?"

"అవా? ఆ రోజే తువ్వాలు మీంచి తీసి జేబులో ఏసుకున్నాను." ఆయన బఠానీలు వలవడం ఆపలేదు. "నువ్వు రోజూ విన్న ఏడింట్లో అవి నేవు. భూమి కదిలినా నువ్వు కుర్చీ దిగనేదు సూడు, ఆ మర్నాడు పొద్దున్న రెండు తీసీసి, ఆ రెండూ పెట్టినాను."

ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే నువ్వు ఆ పూటే ఇచ్చీసి ఓడెక్కీదానివి" అన్నాడు. "భయపడకమ్మా అని ఊరంతా నీకు చెప్పినారు. విన్నావా నువ్వు?"

కూర్మారావు బాబాయి పోయి కొన్నేళ్ళయింది. నాకు ఈ ఊరు మిగిలింది. అది ఆయన పెట్టిన భిక్షే అని ఎవరి ముందైనా చెప్పడానికి నాకు సిగ్గులేదు. ఎవరైనా బెంగతోనో బెదురుతోనో ఉంటే ధైర్యం చెప్పడం మానేశాను. చేతికో పని, చెవికో వెతుకులాట ఇచ్చి పక్కన కూర్చుంటాను.

ఈ మధ్య ఆసుపత్రికి కొత్తగా బదిలీ మీద వచ్చిన నర్సు ఒకామె, రాజమండ్రి మనిషి, మా ఇంటికి వస్తోంది. వచ్చిన మొదటి రోజు మాటల మధ్య మూడుసార్లు బదిలీ పెట్టుకుంటానని అంది. ఇంటికి చిన్న వాల్వు యాంప్లిఫయర్ ఒకటి కావాలట. నా దగ్గర మూడున్నాయి, వినిపించాను. ఆమె స్పీకర్లకు, ఆమె గదికి, ఆమె వినే పాటలకు ఏది సరిపోతుందో నాకు మొదటి పాటకే తెలిసిపోయింది.

"మీరే చెప్పండి దీదీ, ఏది తీసుకోను?" అంది.

"నాకేం తెలుసమ్మా, రేపొచ్చి ఇంకోసారి విను" అన్నాను.